నన్నారి వేరు కొండమీద మిగలాలంటే

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మార్చి నెల వచ్చిందంటే మన తిరుపతిలో, చిత్తూరులో ఎండ ఎట్లా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ పెట్టాలా అని ఎవరూ అడగరు. నన్నారి సీసా ఎక్కడుందా అని చూస్తాం. కుండనీళ్లలో రెండు చెంచాల నన్నారి పాకం, సగం నిమ్మచెక్క, కాసిన్ని నానబెట్టిన సబ్జా గింజలు. ఇంతకంటే సులువైన మర్యాద మరొకటి లేదు. వీధి మొగదల సోడా బండి దగ్గరా ఇదే, పెళ్లి పందిట్లో ఎదురుసన్నాహమూ ఇదే.

ఇవాళ నేను మాట్లాడబోయేది మాత్రం షర్బతు రుచిని గురించి కాదు. ఆ సీసాలోకి రాకముందు ఆ వేరు ఎక్కడుండేది, ఎట్లా పెరిగేది, తవ్వేసిన చోట మళ్లీ మొలుస్తోందా లేదా అన్న సంగతి. ఉల్లిపాయ ధర పెరిగితే మనకు వెంటనే తెలుస్తుంది. కొండమీద ఒక తీగ తరిగిపోతే తెలియదు. అందుకే చెప్పుకోవడం అవసరం.

ముందు పేర్ల గొడవ తీర్చుకుందాం. నన్నారి అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు మొక్కల వేళ్లని. ఒకటి సుగంధిపాల. దీని వేరు సన్నగా, కట్టెలా, ఇంచుమించు లావుపాటి నులక తాడులా ఉంటుంది. ఆకు సన్నగా, ముదురు ఆకుపచ్చగా ఉండి నడిమి ఈనె వెంట తెల్లటి చారలు కనపడతాయి. పొలాల గట్లమీద, కంచెల పక్కన, తోపుల్లో నేలమీద పాకుతూ ఉంటుంది. ఆయుర్వేదంలో శారిబ అని చెప్పేది ముఖ్యంగా దీన్నే. శాస్త్రజ్ఞులు హెమిడెస్మస్ ఇండికస్ అంటారు.

రెండోది మారేడు గడ్డలు. మారేడు అన్నారు గదా అని శివుడికి పత్రి పెట్టే మారేడు చెట్టు అనుకునేరు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది కొండరాళ్ల సందుల్లో పెరిగే తీగ. వేళ్లు బొటనవేలి లావు మొదలు మణికట్టు లావు దాకా, కండ పట్టి, గోధుమరంగు తోలుతో ఉంటాయి. నన్నారి కొమ్ములు అని కొందరూ, తమిళం మాట్లాడే ఇళ్లలో మాగాళి కిళంగు అనీ, కన్నడంలో మాకళి బేరు అనీ అంటారు. శాస్త్రీయ నామం డెకలెపిస్ హామిల్టోనై. 1834లో రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించి పేరు పెట్టారు. ప్రపంచం మొత్తంమీద ఇది సహజంగా పెరిగేది మన దక్షిణ భారతదేశంలోనే. అందులోనూ తూర్పు కనుమలూ, వాటిని ఆనుకున్న ఎండు అడవులూ దీనికి పుట్టిల్లు.

ఇంత తేడా ఉన్న రెండు మొక్కలకూ ఒకే వాసన ఎట్లా వచ్చిందీ అంటారేమో. రెండింటిలోనూ పరిమళాన్నిచ్చే ముఖ్య పదార్థం ఒకటే. 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అని దాని నోరు తిరగని పేరు. ఐస్‌క్రీముల్లో వేసే వెనిలా వాసన ఉంది చూశారూ, దాన్నిచ్చే వెనిలిన్‌కు ఇది దగ్గర చుట్టం. రెండింటిలో ఉండే పరమాణువులు అవే, వాటి అమరిక మాత్రం వేరు. మొదటిసారి నన్నారి తాగిన పిల్లలు ఐస్‌క్రీం వాసన వస్తోందమ్మా అంటే, వాళ్ల ముక్కు తప్పు చెప్పలేదన్నమాట.

సన్న వేరు తవ్వి పోగుచేయడం కష్టం, బరువూ తక్కువ. లావు గడ్డ తవ్వితే గంప త్వరగా నిండుతుంది. వాసనా గట్టిగా ఉంటుంది. అందుకని సుగంధిపాల బదులు మారేడు గడ్డలనే షర్బతుకూ, మూలికల వ్యాపారానికీ వాడటం పెరుగుతూ వచ్చింది. మన జిల్లాల్లో నన్నారి పేరుతో అమ్ముడయ్యే వాటిలో ఈ గడ్డలే ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

షర్బతు ఒక్కటే కాదు, చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో మాగాళి ఊరగాయ పెట్టడం తరాలుగా ఉంది. గడ్డల్ని నీళ్లలో నానేసి, మట్టి పోయేలా రుద్ది కడిగి, పైతోలు గీకి, మధ్యలో ఉండే కట్టెలాంటి ఈనె తీసేసి, మిగిలిన కండను చిన్న ముక్కలు చేసి, మజ్జిగలోనో పెరుగులోనో ఉప్పు, కారం, ఆవపిండితో ఊరబెడతారు. కొందరు నిమ్మరసం పిండుతారు. కొత్తవాళ్లకు ఆ వాసన మొదట్లో వింతగా ఉంటుంది. అలవాటైనవాళ్లు పెరుగన్నంలోకి ఇది లేకపోతే ముద్ద దిగదంటారు. ఆకలి పుట్టడానికి, ఒళ్లు చల్లబడటానికి, రక్తశుద్ధికి మంచిదని వైద్యం చెప్పే పెద్దలు వాడిస్తూ వచ్చారు. అయితే ఒక మాట. జబ్బుకు మందు తింటున్నవాళ్లు, నెల తప్పినవాళ్లు ఇటువంటి వేళ్లను మందుగా వాడాలనుకుంటే వైద్యుణ్ణి అడగాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు షర్బతులో ఉండే పంచదార సంగతి నేను చెప్పనక్కరలేదు.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారు ఈ గడ్డల్ని గురించి ఎంతో పరిశోధన చేశారు. ఈ వేరులో ఉండే పదార్థాలు నిలవ ధాన్యానికి పురుగు పట్టకుండా కాపాడతాయని 1990ల్లో వారు పరీక్షించి చెప్పారు. బియ్యం డబ్బాలో వేపాకు వేసుకునే మనకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు గానీ, ఒక్క వేరులో ఇన్ని గుణాలుంటే దానికి ఎన్ని వైపుల నుంచి గిరాకీ ఉంటుందో ఊహించుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ తీగ కొండమీద తనంతట తాను ఎట్లా మొలుస్తుంది?

శేషాచలం కొండల్లో తిరుమల చుట్టుపక్కల, తలకోన వైపు రాళ్లు పేర్చినట్టుండే ఏటవాలు చోట్ల ఇది కనపడుతుంది. మట్టి తక్కువ, ఎండ ఎక్కువ. అట్లాంటి చోట రాతి సందులోకి వేళ్లు దింపి, వానాకాలపు నీటినీ ఆహారాన్నీ ఆ గడ్డల్లో దాచుకుంటుంది. మనం ఏడాదికి సరిపడా చింతపండు కుండలో పెట్టుకున్నట్టు. ఎండాకాలంలో పైన తీగ ఎండినట్టున్నా లోపల గడ్డ బతికే ఉంటుంది. తడి తగలగానే చిగురిస్తుంది. తీగ తుంచితే తెల్లగా పాలు కారతాయి. జిల్లేడుది కూడా ఈ కుటుంబమే.

ఎండలు ముదిరే కాలంలో చిన్న చిన్న పువ్వులు గుత్తులుగా పూస్తాయి. వీటి పుప్పొడి మిగతా పూలలాగా గాలికి పొడిగా రాలదు. చిన్న చెంచాలాంటి అమరికలో ఉంటుంది. ఆ చెంచా అడుగున జిగురు ఉంటుంది. పువ్వుమీద వాలిన పురుగుకు ఆ చెంచా అతుక్కుని, ఆ పురుగు వెళ్లి మరో పువ్వులో సరైన చోట దూరితేనే కాయ కడుతుంది. ఇంత తంతు జరగాలి గనక పూసిన పువ్వుల్లో కాయ కట్టేవి కొద్దిపాటివే. కాయలు జంటలు జంటలుగా, కొమ్ముల్లా ఉంటాయి. ముదిరి ఎండి పగిలితే లోపల గింజకు ఒక కొసన పట్టులాంటి తెల్లటి కుచ్చు. జిల్లేడు కాయ పగిలినప్పుడు దూది ఎగరడం అందరం చూసిందే, ఇదీ అంతే. గాలికి ఎగిరి ఎక్కడో పడుతుంది. చదును బండమీద పడితే మాడిపోతుంది. రాళ్ల మధ్య ఆకులు మురిగి కాస్త మట్టి చేరిన చోట పడి, వాన కూడా సకాలంలో పడితే మొలుస్తుంది. ఈ గింజ ఏళ్ల తరబడి నిలవ ఉండే రకం కూడా కాదు. అదను దాటితే మొలిచే శక్తి తగ్గిపోతుంది.

మొలిచిన పిల్లమొక్కకు మొదటి గండం వేసవి. ఎండాకాలం వచ్చేలోగా దాని వేరు కాస్త కండ పట్టాలి. పట్టకపోతే వాడిపోతుంది. రెండో గండం కార్చిచ్చు. వేసవిలో కొండల్లో బోద గడ్డి ఎండి ఉంటుంది. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. గడ్డ లోతుగా ఉన్న పెద్ద తీగ తట్టుకుంటుంది, వేలెడు మొక్క తట్టుకోలేదు. మూడోది మేకల మేత. ఇవన్నీ దాటుకుని గడ్డ ఊరి, పూతకు వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది.

ఇన్ని గండాలు దాటిన ఆ ముదురు తీగే గడ్డలు తవ్వేవాళ్లకు కనపడేది. లేత మొక్కకు గడ్డ ఉండదు గనక దాన్ని ఎవరూ తవ్వరు. గింజలిచ్చే తల్లి తీగనే తవ్వుతారు. అదీ ఎప్పుడు? షర్బతుకు గిరాకీ ఉండే ఎండాకాలం కోసం. పూత పూసే కాలమూ, మనం షర్బతు తాగే కాలమూ ఇంచుమించు ఒకటే అయ్యాయి. పూతలో ఉన్న తీగను వేరుతో సహా తీసేస్తే ఆ ఏటి కాయా లేదు, పైయేటి తీగా లేదు.

కరివేపాకు చెట్టునే తీసుకోండి. రోజూ రెబ్బలు తుంచుతాం. తుంచినకొద్దీ చిగురిస్తుంది. ఉసిరికాయలు కోస్తే చెట్టు చెట్టుగానే ఉంటుంది. ఈ కొండల్లోనే పెరిగే ఎర్రచందనాన్ని చూడండి. దాని దొంగతనాల గురించి పేపర్లలో ఎన్నో చదివాం. ఆ చెట్టును నరికినా, మోడు మిగిలితే దాని పక్కనుంచి కొత్త చిగుళ్లు వేస్తుంది. మారేడు గడ్డకు ఆ అవకాశమూ లేదు. మనకు కావలసింది వేరు, తీగ బతకడానికి కావలసిందీ ఆ వేరే. వేరు మొత్తం తీసేస్తే మోడు కూడా మిగలదు.

వేరు కోసం వాడే మందుమొక్కలన్నిటికీ ఈ చిక్కే ఉంది. సర్పగంధ కథ విన్నారా? రక్తపోటుకు మందు కోసం స్విట్జర్లాండులో 1952లో దాని వేరు నుంచి రిజర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ తర్వాత ప్రపంచమంతా మన అడవుల సర్పగంధ వేరు కావాలంది. తవ్వి తవ్వి అడవుల్లో ఆ మొక్క అరుదైపోయింది. చివరికి 1990లో అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండే మొక్కల జాబితాలో దాన్ని చేర్చవలసి వచ్చింది. అక్కడ అడిగింది విదేశీ కంపెనీలు. మన మారేడు గడ్డను అడుగుతున్నది మాత్రం మనమే, మన వీధిలోనే.

దీని పరిస్థితి చూసి అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారు 2015లో డెకలెపిస్ హామిల్టోనైని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. పులిని చేర్చిన తరగతి కూడా ఇదే. పులి అంటే మనకు గుండె ఝల్లుమంటుంది. గ్లాసులో ఉన్న షర్బతు చూస్తే అట్లా అనిపించదు.

మరి ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. తిరుమల కొండల్ని ఆనుకుని శ్రీ వేంకటేశ్వర అభయారణ్యాన్ని 1985లో, అందులోనే జాతీయ పార్కును 1989లో ఏర్పాటు చేశారు. జాతీయ పార్కులో అనుమతి లేకుండా మొక్కల్ని పీకడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2010లో శేషాచలం కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇది అప్పటి చిత్తూరు, కడప జిల్లాల్లో దాదాపు 4,756 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. 2022లో జిల్లాలు విడదీశాక ఇందులో కొంత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. బెంగుళూరులో 1993లో మొదలైన ఒక సంస్థ, స్థానిక ఆరోగ్య సంప్రదాయాల పునరుద్ధరణ కోసం పనిచేసేది, మందుమొక్కల్ని అవి పుట్టిన అడవిలోనే కాపాడే పద్ధతిని అటవీ శాఖలతో కలిసి దక్షిణాది రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. 2000లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఏర్పడింది.

చట్టం మంచిదే. అయితే అంత పెద్ద కొండల్లో ప్రతి రాతి పక్కనా ఒక గార్డును నిలబెట్టలేరు గదా. పైగా ఈ గడ్డలు తవ్వేవాళ్లు ఎవరు? చాలామంది యానాదులు, కొండ అంచు పల్లెల్లోని పేదవాళ్లు. వాళ్లకు ఈ అడవి తరతరాలుగా తెలుసు. వాళ్ల పెద్దలకు ఏ వేరు ఎక్కడుందో, ఏది ఎప్పుడు తవ్వాలో తెలుసు. వాళ్లను దొంగలని ఒక్క మాటలో అనేయడం నాకు మనసొప్పదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం కిందికి మందుమొక్కలు, వేళ్లు, దుంపలు కూడా వస్తాయని స్పష్టంగా రాశారు. హక్కు ఉన్న చోట బాధ్యత కూడా వాళ్లకే అప్పగిస్తే కొండ బాగుపడుతుందని తెలిసినవాళ్లు చెబుతూంటారు.

సంతలో గడ్డలు పరుచుకు కూర్చున్న ఒక పెద్దామెతో మాట కలిపాను.

"ఏం పెద్దమ్మా, గడ్డలు మునుపటి మాదిరి దొరకతా ఉండాయా?" అన్నాను.

"యాడమ్మా! మా అమ్మ దినాల్లో కొండ మొదట్లోనే దొరికేవంట. ఇప్పుడు పొద్దున్నే పోతే పొద్దుగూకేదాకా తిరిగినా గంప నిండదు."

"తవ్వినాక ఒక గడ్డన్నా విడిచిపెట్టి మన్ను కప్పకూడదా?"

ఆమె నవ్వింది. "పెద్దోళ్లు అట్లనే చేసేవోళ్లు తల్లీ. ఒక గెడ్డ ఇడిచి, గుంత పూడ్చి వచ్చేవోళ్లు. మళ్లీ ఆడికే పోయేది గదా. ఇప్పుడు నేను ఇడిచిపెడితే నా ఎనకాల వచ్చినోడు ఎత్తుకొని పోతాడు. అంగడాయన బరువు చూసి లెక్క ఇస్తాడు గానీ, ఇడిచిపెట్టిన గెడ్డకు ఇస్తాడా?"

ఇంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదనిపించింది. తీగను ఎట్లా బతికించాలో ఆమెకు తెలుసు. అట్లా బతికించినందుకు ఆమెకు వచ్చే లాభం ఏమీ లేదు. విడిచిపెట్టినవాడు నష్టపోయి, ఊడ్చుకుపోయినవాడు బాగుపడే పద్ధతిలో ఏ అడవీ నిలవదు. కనుక కాపాడాలంటే రెండు పనులూ కలిసి జరగాలి. తవ్వే తీరు మారాలి, కొనే తీరూ మారాలి.

తవ్వే తీరు అంటే ఏమిటి? ఒక తీగ మొదట్లో గడ్డలు నాలుగు వైపులా పాకి ఉంటాయి. అన్నీ పెరకకుండా పక్క గడ్డలు కొన్ని తీసుకుని, కాండాన్ని అంటిపెట్టుకున్న మొదలును, ఒకటి రెండు గడ్డల్ని ఉంచేసి మన్ను పూడిస్తే తీగ మళ్లీ చిగురించే వీలుంటుంది. కాయలు పగిలి గింజలు ఎగిరిపోయాకే తవ్వాలి. పగలడానికి సిద్ధంగా ఉన్న కాయలు కనపడితే ఆ గింజల్ని అక్కడే రాళ్ల సందుల్లో మట్టిలో వేయాలి. ఒక కొండవాలు ఈ ఏడు తవ్వితే కొన్నేళ్లు దాని జోలికి పోకుండా మరోవైపు పోవాలి. ప్రతి వాలులోనూ కొన్ని ముదురు తీగల్ని గింజల కోసమని ముట్టకుండా విడిచిపెట్టాలి. విత్తనానికని మంచి బీరకాయను పందిరి మీదే వదిలేస్తాం చూడండి, అట్లా. వేసవికి ముందు అగ్గి పాకకుండా గడ్డి తీసి బాటలు చేస్తే పిల్లమొక్కలు దక్కుతాయి. ఇదంతా ఒక్కొక్కరు విడివిడిగా చేస్తే నిలవదు. ఊరంతా ఒక కట్టుబాటు పెట్టుకుంటేనే నిలుస్తుంది. అప్పుడు ఆ పెద్దామె విడిచిన గడ్డ ఆమెకే దక్కుతుంది.

రెండో దారి సాగు. గింజ రాలిన కొత్తలోనే నారుసంచుల్లో వేసి మొలకెత్తించి, వానలు పడగానే నాటవచ్చు. కొమ్మ ముక్కలకు వేరు పట్టించడం కాస్త ఓపిక అడిగే పని. ప్రయోగశాలల్లో కణజాలం నుంచి మొక్కలు పెంచే పద్ధతినీ శాస్త్రజ్ఞులు సాధించారు. గడ్డ ఊరడానికి ఏళ్లు పడుతుంది గనక వేరుశనగ మాదిరి ఆరు నెలల్లో డబ్బు రాదు. కంచె వెంబడీ, మామిడి తోటల గట్ల మీదా పాకించుకునే రైతుకు అనువుగా ఉంటుంది. తోటలో పెరిగిన గడ్డ బజారుకు వచ్చినకొద్దీ కొండమీది గడ్డ మీద బరువు తగ్గుతుంది. అయితే సాగు ఉంది గదా అని కొండను వదిలేయకూడదు. రకరకాల వాలుల్లో, రకరకాల ఎండలకు ఓర్చి పెరిగిన తీగల గింజలు కొండమీదే ఉన్నాయి. రేపు తోటకు తెగులొస్తే మళ్లీ మంచి విత్తనం కోసం అక్కడికే పోవాలి.

ఇంతకూ ఇళ్లలో ఉండే మనం ఏం చేయగలం అంటారు కాబోలు. చాలానే చేయగలం.

మొదటిది, తెచ్చుకున్న వేరును వృథా చేయకపోవడం. దీని పరిమళం ఆవిరితో పాటు పోయే గుణం కలది. వేళ్లను గంటల తరబడి తెరిచిన గిన్నెలో మరిగిస్తే వీధంతా ఘుమఘుమ, సీసాలో ఏమీ మిగలదు. కడిగి, కచ్చాపచ్చాగా దంచి, పొయ్యిమీంచి దించిన మరిగే నీళ్లలో వేసి, గట్టిగా మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున వడగట్టుకోండి. పంచదార పాకం వేరే పట్టి, దించాక అందులో ఈ కషాయం కలిపి, కాస్త నిమ్మరసం పిండితే పాకం గడ్డకట్టదు. కషాయం నీళ్లు ఎక్కువగా ఉంటే సన్నసెగ మీద కొంచెంసేపు మాత్రం మరగనివ్వండి. పాకం చిక్కగా ఉంటేనే నిలవ ఉంటుంది. వడగట్టిన పిప్పిని పారేయకుండా మరోసారి వేడినీళ్లు పోస్తే రెండో కషాయం దిగుతుంది. దాన్ని ఆ రోజుకు మంచినీళ్ల కుండలో కలుపుకోవచ్చు. ఇట్లా చేస్తే ఏడాదికి పట్టే వేరు ఎంతో తగ్గుతుంది.

రెండోది, కొనేటప్పుడు అడగడం. ఈ గడ్డ ఎక్కడిది, తోటదా కొండదా, ఎవరు తవ్వారు అని అడగండి. అంగడాయనకు మొదట విసుగ్గానే ఉంటుంది. పదిమంది అడిగితే ఆయనా తెచ్చేవాళ్లను అడుగుతాడు. గిరిజనుల సరుకు నేరుగా కొనడానికి 1956లోనే మన రాష్ట్రంలో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అటువంటి సంఘాల ద్వారా వచ్చిన సరుకు కొంటే దళారీకి పోయే డబ్బు తవ్వినవాళ్లకు కొంతైనా ఎక్కువ చేరుతుంది. నాలుగు డబ్బులు న్యాయంగా దక్కినప్పుడు ఇంకో గంప నింపుకోవాలన్న ఆత్రం కొంత తగ్గుతుంది.

మూడోది, కొండకు పోయినప్పుడు. తలకోనకు వనభోజనాలకు పోతాం, కాలినడకన తిరుమల ఎక్కుతాం. వాసన బాగుందని ఏ తీగా పీకి సంచిలో వేసుకోకండి. పిల్లలకూ చెప్పండి. పొయ్యి పెట్టుకున్న చోట నిప్పు పూర్తిగా ఆర్పిందాకా కదలకండి.

నాలుగోది, ఇంట్లోనే పెంచడం. మారేడు గడ్డ తీగకు చోటు కావాలి గానీ, సుగంధిపాలకు ఒక పెద్ద తొట్టి చాలు. నమ్మకమైన నర్సరీ నుంచి మొక్క తెచ్చి, ఇసుక కలిపిన మట్టిలో పెట్టి, కిటికీ కమ్మీకి పాకించండి. రెండేళ్లు ఓపిక పట్టి, పక్క వేళ్లు కొన్ని మాత్రం తీసి మళ్లీ మట్టి కప్పండి. కొండమీద చేయమని యానాది ఆడబిడ్డకు మనం చెబుతున్న పని ఎంత సులువో, ఎంత కష్టమో ఆ తొట్టి దగ్గర మనకే తెలుస్తుంది.

ఐదోది, షర్బతు అలవాటు మార్చుకోవడం. వేసవిలో ప్రతిరోజూ నన్నారే కావాలని లేదు. మజ్జిగ ఉంది, పానకం ఉంది, సబ్జా నీళ్లున్నాయి, రాగి అంబలి ఉంది. నన్నారిని చుట్టాలొచ్చిన నాటికి, పండుగ నాటికి ఉంచుకుంటే దాని రుచీ నిలుస్తుంది. ఇంకొక సంగతి. బజారులో కొన్ని సీసాల్లో వేరు వాసన కంటే రంగు, ఎసెన్సు ఎక్కువగా ఉంటాయి. చీటీ చదివి, వేరు కషాయం ఎంత ఉందో చూసి కొనండి.

చేయవలసిన వాటిలో పెద్ద పనులు అటవీ శాఖవీ, పల్లెలవీ, విశ్వవిద్యాలయాలవీ. వాటిని అడిగి చేయించుకునే నోరు మాత్రం మనది. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు ఈ విషయమూ ఒకసారి ఎత్తండి. కొండ అంచు పల్లెల్లో మన సంఘాల సోదరీమణులే నారు పెంచి, నాటి, గడ్డ తీసి, షర్బతు కాచి అమ్మితే అటు వాళ్లకు జీవనం, ఇటు మనకు నమ్మకమైన సరుకు.

ఈసారి అంగట్లో నన్నారి గడ్డలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కసారి తిప్పి చూడండి. బొటనవేలంత ఊరడానికి దానికి ఎన్ని వేసవులు పట్టాయో గుర్తు చేసుకోండి. అంగడాయనను ఆ ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఎక్కడిదయ్యా, దీని మొదలు కొండలో మిగిలిందా?"